ఆ తెలుపు ఎవరి కోసం? ప్రభుత్వానికి కాగితం కొనిపెట్టే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పాఠ్యపుస్తకాలకు, నోటుబుక్కులకు, జవాబు పత్రాలకు, ఆఫీసు ఫైళ్లకు కాగితం కొనే మీ అందరికీ కర్నూలు నుంచి నమస్కారం.

ఈ ఉత్తరం కాలుష్య నియంత్రణ మండలికి కదా రాయాల్సింది అని మా ఇంట్లో అడిగారు. నేను కావాలనే మీకు రాస్తున్నాను. మిల్లు బయటికి వదిలే నీళ్లను మండలివాళ్లు సీసాల్లో పట్టుకెళ్లి పరీక్షిస్తారు. కానీ ఆ నీళ్లలో ఏం కలవాలో అంతకు చాలా ముందే మీ టెండరు కాగితంలో ఖాయమైపోతుంది. 'బ్రైట్‌నెస్ (అంటే కాగితం తెలుపు) ఇంతకు తగ్గకూడదు' అని అందులో ఒక అంకె ఉంటుంది చూడండి, నా గొడవంతా ఆ అంకెతోనే.

కిందటి మాఘమాసంలో ఆదోని దగ్గర మా తమ్ముడి ఊరికి వెళ్లాను. పత్తి తీతలు అయిపోయాయి. పీకిన కట్టె చేలల్లో కుప్పలుగా పడి ఉంది. పొద్దుగూకేసరికి ఒక్కొక్కరే అగ్గి పెట్టారు. గులాబీ రంగు పురుగు మళ్లీ రాకుండా ఉండాలంటే కట్టెను చేలో ఉంచొద్దని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతారు, అది సరైన మాటే. ముక్కలు చేసి దున్నెయ్యమంటారు. ఆ ట్రాక్టర్ బాడుగ ఎవరిస్తారు? అగ్గిపుల్ల చవక. పొగలో నిలబడి మా తమ్ముడు అడిగాడు: "అక్కా, నువ్వు కాగితం మిల్లులో చేశావు కదా. దీంతో కాగితం రాదా?"

"ఎందుకు రాదురా, వస్తుంది. తెల్లది కావాలంటేనే తంటా" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ తంటాలోనే నేను పందొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. ఇక్కడ కాదు, వేరే రాష్ట్రంలో. గడ్డి, చెరకు పిప్పి ఉడికించి కాగితం చేసే మిల్లు. నేను ల్యాబ్‌లో కెమిస్ట్‌ని.

గడ్డిలోనైనా, కట్టెలోనైనా పీచును పట్టుకుని ఉండే జిగురులాంటి పదార్థం ఒకటుంటుంది. దాన్ని లిగ్నిన్ అంటారు. కాస్టిక్ సోడా పోసి ఆవిరిలో ఉడికిస్తే అది చాలావరకు కరిగి నల్లటి ద్రవంగా దిగిపోతుంది. మిగిలిన గుజ్జు మాత్రం తెల్లగా ఉండదు, బెల్లం రంగులో ఉంటుంది. ఇంకా కొంత లిగ్నిన్ పీచును వదలకుండా పట్టుకుని ఉందన్నమాట. అది ఎంత ఉందో కొలవడం నా పని. గుజ్జును నీళ్లలో చిలికి, యాసిడ్ కలిపిన పర్మాంగనేట్ పోసేదాన్ని. వంకాయ తొక్కలాంటి రంగు. సరిగ్గా పది నిమిషాలు. ఆ రంగు ఎంత విరిగితే అంత లిగ్నిన్ ఉన్నట్టు. దాని లెక్క పేరు కప్పా నంబర్. కప్పాను 0.15తో హెచ్చిస్తే లిగ్నిన్ శాతం సుమారుగా వచ్చేస్తుంది. కప్పా 20 అంటే గుజ్జులో ఇంకా మూడు శాతం ఉన్నట్టు.

ఆ మూడు శాతం కోసమే ఇంత కథ.

మా మిల్లులో దాన్ని క్లోరిన్‌తో వదిలించేవాళ్లు. ముందు క్లోరిన్ గ్యాసు, తర్వాత కాస్టిక్, ఆ తర్వాత హైపో, అంటే హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు. పాత మిల్లులన్నింట్లో ఇదే వరస. చవక కాబట్టి. కాస్టిక్ సోడా తయారుచేసే చోట క్లోరిన్ ఎలాగూ పుడుతుంది, దాన్ని ఎవరికో ఒకరికి అమ్మాలి. ఒక రాత్రి షిఫ్టులో క్లోరిన్ వాల్వు దగ్గర లీకైంది. తడిగుడ్డలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లు దిగాం. అందరికంటే చివర దిగిన ఆపరేటరుకు ఆ తర్వాత రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వచ్చేది. మిల్లు వెనక వాగు టీ డికాక్షన్ రంగులో పారేది. ఆ నీళ్లు మడులకు పెట్టుకున్న దిగువ రైతులు కొన్నేళ్లకు పొలం చౌడైపోయిందని గేటు ముందు వచ్చి కూర్చున్నారు. నేను ల్యాబ్ కిటికీలోంచి చూశాను. ఆ రోజు బ్రైట్‌నెస్ 80 దాటిందని మేనేజరు మా అందరికీ టీ ఇప్పించాడు. ఆ టీ నేనూ తాగాను. ఇప్పుడు మీకు ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అదే.

క్లోరిన్ లిగ్నిన్‌తో కలిస్తే ఏమవుతుందో అప్పటికే లోకానికి తెలుసు. 1980ల మధ్యలో అమెరికాలో గుజ్జు మిల్లుల దిగువన పట్టిన చేపల్లో డయాక్సిన్లు బయటపడ్డాయి. కొవ్వులో పేరుకుని, ఏళ్ల తరబడి పోని విషాలు అవి. 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన ఒప్పందంలో, డయాక్సిన్లు పుట్టే చోట్ల జాబితాలో క్లోరిన్‌తో గుజ్జు తెల్లబరచడాన్ని పేరుపెట్టి చేర్చారు. మన దేశం ఆ ఒప్పందాన్ని 2006లో ఆమోదించింది. అంతకు ముందే, 2003లో, పెద్ద కాగితం మిల్లులు వదిలే నీళ్లలో ఇలాంటి క్లోరిన్ సమ్మేళనాలు టన్ను కాగితానికి మొదట ఒకటిన్నర కిలోకు, తర్వాత ఒక కిలోకు తగ్గాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మిల్లులతో ఒడంబడిక చేసుకుంది. ఈ లెక్కను ఏఓఎక్స్ అంటారు. ఈ మూడక్షరాలు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అడుగుతాను.

క్లోరిన్ లేకుండా తెల్లబడదా అంటే, బాగానే తెల్లబడుతుంది. ఇందులో వింతేమీ లేదు. మా చిన్నప్పుడు హంద్రీ ఒడ్డున చాకిరేవులో బట్టలు ఎలా తెల్లబడేవో గుర్తు చేసుకోండి. చౌడు మన్ను కలిపిన నీళ్లలో ముంచి, ఉబ్బ పెట్టి, ఉతికి, తడిగానే గడ్డి మీద ఆరేసేవాళ్లు. చౌడులో సోడా ఉంది. ఉబ్బలో ఆవిరి ఉంది. ఆరేసిన చోట ఎండ, తేమ, గాలిలోని ఆక్సిజన్. కాగితం మిల్లులో ఆక్సిజన్ టవరు చేసేది కూడా ఇదే. కాస్టిక్, సుమారు వంద డిగ్రీల వేడి, ఒత్తిడితో ఆక్సిజన్. చాకిరేవులో రోజులు పట్టే పని అక్కడ గంటలో అయిపోతుంది, మిగిలిన లిగ్నిన్‌లో సగం దాకా పోతుంది. ఇంకో లాభం ఉంది. ఆ కడిగిన నీళ్లలో క్లోరైడ్ ఉండదు కాబట్టి నల్ల ద్రవంతో పాటు రికవరీ బాయిలర్‌కు (ఆ ద్రవాన్ని కాల్చి సోడా తిరిగి తీసే బాయిలర్) పంపుకోవచ్చు. క్లోరిన్ వాడిన నీళ్లను అలా పంపితే అందులోని క్లోరైడ్ బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. అందుకే అవి వాగు దారి పడతాయి.

దాని తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్. చివరికి నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. దీన్ని నేను ఈ మధ్య మా పెరట్లో చేసి చూశాను. తమ్ముడు పంపిన వరిగడ్డి రెండు గుప్పెళ్లు అంగుళం ముక్కలు కోసి, రాత్రంతా నానబెట్టి, స్టీలు గిన్నెలో కాస్టిక్ వేసి మూడు గంటలు ఉడికించాను. (పిల్లలున్న ఇంట్లో ఈ పని చేయకండి. కాస్టిక్ కంట్లో పడితే కన్ను పోతుంది. అల్యూమినియం గిన్నె అసలే పనికిరాదు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది.) కొళాయి కింద పిసికి పిసికి కడిగాను. వరిగడ్డి గుజ్జు నీళ్లను తొందరగా వదలదు, జావలా పట్టుకుంటుంది. మిల్లులోనూ ఇదే బాధ. కడగడానికే అరగంట పట్టింది.

మెడికల్ షాపు పెరాక్సైడ్ తెచ్చి మొదటిసారి ఇనప బాణలిలో కలిపాను. బుద్ధి గడ్డి తిన్నది! పోసీ పోయకముందే నురగ బాణలి అంచు దాటింది. రెండు నిమిషాల్లో పెరాక్సైడ్ అంతా గాలికి పోయింది, గుజ్జు బెల్లం రంగులోనే ఉండిపోయింది. ఇనుము, మాంగనీసు, రాగి ఏమాత్రం తగిలినా పెరాక్సైడ్ గుజ్జు జోలికి పోకముందే విరిగిపోతుంది. పందొమ్మిదేళ్లు ల్యాబ్‌లో చేసినదాన్ని, ఈ సంగతి బాణలి గుర్తు చేయాల్సి వచ్చింది. మిల్లుల్లో అయితే ఆ లోహాలను పట్టి ఉంచే మందు ముందే వేస్తారు, మెగ్నీషియం సల్ఫేటు, సోడియం సిలికేటు కలుపుతారు. రెండోసారి ప్లాస్టిక్ బకెట్లో, ఫిల్టరు నీళ్లతో, చిటికెడు కాస్టిక్ వేసి, బకెట్‌ను వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టాను. గంటన్నరకు మీగడ రంగు వచ్చింది. చీర అంచు ముక్క బిగించిన చట్రంతో తోడి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాను. కాగితం!

మిల్లు స్థాయిలో వీటికి ముందు ఎంజైము కూడా వాడొచ్చు. జైలనేజ్ అంటారు. పీచు మీద పొరలా పట్టిన జైలాన్‌ను ఇది విడదీస్తే తర్వాత పోసే మందు లోపలికి సులువుగా దిగుతుంది, తక్కువ మందుతో సరిపోతుంది. 1986లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట చూపించారు. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గోరువెచ్చటి గుజ్జును గంటా రెండు గంటలు తొట్టిలో ఊరబెట్టడమే. ఎంజైములో పీచును కొరికే రకం కలిసి ఉండకూడదు, అంతే జాగ్రత్త. కలిస్తే కాగితం తెల్లగానే ఉంటుంది గానీ వేలితో లాగితే చిరుగుతుంది.

క్లోరిన్ డయాక్సైడ్ అనే మధ్యేమార్గం కూడా ఉంది. పేరులో క్లోరిన్ ఉన్నా ఇది పనిచేసే తీరు వేరు, ఏఓఎక్స్ చాలా తగ్గుతుంది. పెద్ద మిల్లులు చాలావరకు ఇటే మారాయి. కానీ నిల్వ ఉండదు, పేలే గుణం ఉంది, మిల్లులోనే తయారు చేసుకోవాలి. చిన్న మిల్లుకు అది తలకు మించిన ఖర్చు. మా ప్రాంతంలో పంట వ్యర్థాలతో ఏదైనా వస్తే చిన్నదే వస్తుంది.

అసలు విషయానికి వస్తాను. ఆక్సిజన్, పెరాక్సైడ్‌తో గడ్డి గుజ్జును 70 బ్రైట్‌నెస్ దాకా తేవడం పెద్ద కష్టం కాదు. అక్కడి నుంచి 80, 85కి ఎక్కించడంలోనే మందులు, నీళ్లు, డబ్బు, అన్నీ ఖర్చయిపోతాయి. చిన్న మిల్లువాడు హైపో డ్రమ్ము వైపు చూసేది సరిగ్గా ఇక్కడే. ఆ చివరి మెట్లు ఎక్కమంటున్నది మీరు.

అసలు బ్రైట్‌నెస్ అంటే ఏమిటి? 457 నానోమీటర్ల నీలి కాంతి కాగితం మీద పడితే ఎంత వెనక్కి వస్తుందన్న లెక్క. అంతే. కంటికి హాయిగా ఉందా, అక్షరం స్పష్టంగా కనిపిస్తుందా, వెనక పేజీ అచ్చు ఇటు కనిపిస్తుందా, ఇవేవీ అందులో లేవు. పసుపు ఛాయ ఉన్నది నీలాన్ని మింగేస్తుంది కాబట్టి మీగడ రంగు కాగితానికి మార్కులు తక్కువ. పొద్దున్నే టీ తాగుతూ మీరు చదివే దినపత్రిక కాగితం బ్రైట్‌నెస్ 60కి అటూ ఇటూ ఉంటుంది. సన్నటి అక్షరాల్లో వేసిన టెండరు నోటీసులు కూడా చదివేస్తున్నాం కదా!

ఇంకో చిన్న పరీక్ష చేయండి. దొంగనోట్లు పట్టే ఊదా లైటు మీ వీధి చివర బంగారం షాపులో ఉంటుంది. దాని కింద ఐదు వందల నోటు పెడితే కాగితం మెరవదు, మెరిస్తేనే అనుమానం. అదే లైటు కింద మీ ఆఫీసు జిరాక్స్ కాగితం పెట్టి చూడండి, నీలంగా వెలిగిపోతుంది. బట్టలకు నీలిమందు పెట్టినట్టే కాగితానికీ మెరుపు మందు వేస్తారు. పైన పటారం, లోన లొటారం. దేశంలో అన్నిటికంటే ఎక్కువ చేతులు మారే కాగితానికే ఆ మెరుపు అక్కర్లేకపోతే, ఏడో తరగతి లెక్కల నోటుబుక్కుకు ఎందుకు?

మా రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో వస్తున్నాయి. పిల్లలకు మంచిదే, కానీ పేజీలు పెరిగాయి. జూన్‌లో ఇచ్చే కిట్టులో నోటుబుక్కులు వేరే. ఆ కాగితం కొనేది మీరే. ఇంత పెద్ద కొనుగోలుదారు ఒక అంకె మారిస్తే మిల్లులు వాటంతటవే మారతాయి. మిల్లు లోపల ఉండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా, ఇన్‌స్పెక్టర్ కంటే కొనేవాడికే మేనేజర్ ఎక్కువ భయపడతాడు.

ఇది చదివి ఎవరైనా 'గడ్డి కాగితం, పెరాక్సైడ్, ఇక అంతా పచ్చదనమే' అని రేపే ఒక మిల్లుకు కొబ్బరికాయ కొడతారేమోనని నాకు ఇంకో టెన్షన్. బ్లీచింగ్ ఒక్కటే బాగుచేస్తే ఇల్లు కాలుతుంటే వాకిట్లో ముగ్గు వేసినట్టే. ఉడికించినప్పుడు వచ్చే నల్ల ద్రవం అసలు శత్రువు. నల్లనివన్నీ నీళ్లు కావు. పెద్ద మిల్లులు దాన్ని చిక్కబరిచి, బాయిలర్లో కాల్చి, సోడా తిరిగి తీసుకుంటాయి. వరిగడ్డి దగ్గర ఇది మొరాయిస్తుంది. గడ్డి బరువులో పదో వంతు దాకా ఇసుకలో ఉండే సిలికానే. అది కాస్టిక్‌లో కరిగి, ద్రవాన్ని జిగురు చేసి, గొట్టాల్లో రాయిలా పేరుకుంటుంది. అందుకే గడ్డి మిల్లులు ఎన్నో ఆ ద్రవాన్ని గుట్టుగా వాగులోకి వదిలేశాయి. అందులోని సోడియం మా నల్లరేగడిలోకి దిగిందంటే పొలం చౌడే. చాకిరేవుకు పనికొచ్చిన చౌడు పొలానికి పనికిరాదు. రికవరీ లేని మిల్లుకు అనుమతి ఇవ్వొద్దు. సోడా బదులు పొటాష్‌తో ఉడికిస్తే ఆ ద్రవం ఎరువుగా పనికొచ్చే దారి ఉంది, ఖర్చు ఎక్కువ గానీ మా నేలకు అది ఆలోచించదగ్గదే. సహారన్‌పూర్‌లో కేంద్ర గుజ్జు, కాగితం పరిశోధన సంస్థ ఉంది, ఇలాంటివి తేల్చడమే వాళ్ల పని. ముందు వాళ్లను పిలవండి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. పంట వ్యర్థాల చిన్న మిల్లులకు పాత నిబంధనల్లో టన్ను కాగితానికి 200 ఘనపు మీటర్ల మురుగునీటి దాకా అనుమతి ఉండేది. మా వీధికి వేసవిలో వచ్చే ట్యాంకరులో ఐదు వేల లీటర్లు పడతాయి. అంటే నలభై ట్యాంకర్లు, ఒక టన్నుకు! ఏప్రిల్లో ఒక్క ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చునే జిల్లా ఇది. అనంతపురం వైపు ఇంకా కష్టం. కడిగిన నీళ్లనే వెనక్కి తిప్పి వాడుకోలేని మిల్లు రాయలసీమలో ఉండకూడదు. క్లోరిన్ మానేస్తే నీళ్లు తిప్పి వాడుకోవడం సులువవుతుంది, ఇందాక చెప్పిన క్లోరైడ్ కారణం వల్లే.

గడ్డి గురించి ఒక మాట. కె.సి. కాలువ కింద సోనా వరి కోశాక గడ్డి వామిదొడ్డికి చేరుతుంది. వానలు లేని ఏడు ఆ వామి చూసే ఎద్దుల్ని అమ్ముకోకుండా ఉంటాం. జొన్న చొప్ప, బుడ్డల (వేరుశనగ) కట్టె కూడా పశువుల నోటికాడివే. వాటి మీద మిల్లు కన్ను పడకూడదు. తగలబెట్టే పత్తి కట్టె తీసుకోండి. పులివెందుల, అనంతపురం వైపు గెల కొట్టాక నరికి పారేసే అరటి బోదెలు తీసుకోండి. పత్తి కట్టెలో సిలికా తక్కువ, రికవరీ సులువు. లిగ్నిన్ మాత్రం గడ్డిలో కంటే ఎక్కువ, తెల్లబరచడం మొండిపని, బెరడు చుక్కలు మిగులుతాయి. అరటి బోదెలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే, దూరం మోస్తే బాడుగ దండగ. ఇవి తెలిసే చెబుతున్నాను. ఇంకా చెప్పాలంటే, మీరు 85 అడగనంత వరకే పత్తి కట్టెకు బతుకు.

ఒక ఇబ్బంది దాచను. నేను చేసిన మీగడ రంగు కాగితం చూసి మా మనవరాలు "ఇది పాత పుస్తకంలోదా అవ్వా?" అంది. ప్రైవేటు బడి పిల్లల చేతిలో తళతళలాడే పుస్తకాలు, సర్కారు బడి పిల్లల చేతిలో మసక పుస్తకాలు పెడితే అది నాకూ ఇష్టం లేదు. పర్యావరణం పేరుతో పేదపిల్లలకు తక్కువరకం అంటగట్టారంటారు, న్యాయంగానే అంటారు. అందుకని ముందు మీ దగ్గర మొదలుపెట్టండి. కలెక్టరేట్ ఫైళ్లు, మెమోలు, మీటింగు నోట్సు, మీ టెండరు పత్రాలు. ఆ తర్వాత జవాబు పత్రాలు, అవి దిద్దాక ఎవరూ చూడరు. అప్పటికి అందరి కళ్లూ అలవాటు పడతాయి, అప్పుడు నోటుబుక్కులు. కొంచెం లిగ్నిన్ మిగిలిన కాగితం ఎండకు పసుపెక్కుతుంది, నిజమే. నోటుబుక్కు ఆయుష్షు ఏడాది. భూమి రికార్డులకు, రిజిస్ట్రేషన్ దస్తావేజులకు మాత్రం మంచి కాగితమే వాడండి, వాటి జోలికి నేను రాను.

టెండరులో మార్చమనేది ఇదే. ఈ రకాలకు బ్రైట్‌నెస్ 70 చాలనండి. మెరుపు మందు వద్దనండి. క్లోరిన్ గ్యాసుతో గానీ హైపోతో గానీ బ్లీచ్ చేసిన గుజ్జు తీసుకోబోమని రాయండి. ఒక్క బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలదు, 70 కాగితాన్ని కూడా హైపోతో చేసే మహానుభావులు ఉంటారు. కాబట్టి బిల్లుతో పాటు మిల్లు ఏఓఎక్స్ లెక్క అడగండి. నేను గుర్తుంచుకోమన్న మూడక్షరాలు అవే.

ఈ ఉత్తరం ప్రతితో పాటు మీ ఆఫీసుకు పోస్టులో మూడు కాగితాలు పంపుతున్నాను. వెనక పెన్సిల్‌తో నంబర్లు వేశాను. ఒకటి, అసలు తెల్లబరచని వరిగడ్డి. రెండు, పెరాక్సైడ్ పెట్టిన వరిగడ్డి. మూడు, పెరాక్సైడ్ పెట్టిన పత్తి కట్టె నార, చుక్కలున్నది అదే. రెండో దాని మీద బాల్ పెన్నుతో రాసి, కిటికీ దగ్గర పట్టుకుని చదివి చూడండి. ఇంకు పెన్ను మాత్రం వాడకండి. గంజి పెట్టలేదు, పీల్చేస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు కెమిస్ట్,
కర్నూలు